బతికున్నవాడి రొట్టె

సెనోబియా తల పూర్తిగా నెరిశాక, ఒకనాడు లా పాస్ నగరం నుంచి నోటు పుస్తకం పట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది. కొండ ఊళ్లలో ఉండే ఐమారా జనం ఆడవాళ్ల గురించీ మగవాళ్ల గురించీ వాడే మాటలన్నీ పోగుచేస్తోందట. ఏ మాటకు ఏమిటర్థం, ఎప్పటినుంచి ఉంది, ఎవరు ఎవర్ని అంటారు అని అడిగి రాసుకుంటోంది. సెనోబియా ఎండలో కూర్చుని ఉన్ని వడుకుతూ ఒక్కొక్కటే చెప్పింది. చాచా అంటే మగవాడు. వార్మి అంటే ఆడది. పెళ్లయ్యేదాకా ఇద్దరూ పిల్లకాయల కిందే లెక్క. పెళ్లయితేనే హఖి, అంటే మనిషి. అలా మనుషులైన ఇద్దరినీ కలిపి ఒకటే మాట, చాచావార్మి.

"ఎంత గొప్ప మాటమ్మా!" అని అమ్మాయి మురిసిపోయింది. "మొగుడూ పెళ్లాం ఒకే మాటలో ఉన్నారు. ఒకరు ఎక్కువ కాదు, ఒకరు తక్కువ కాదు. నగరంలో మేమెంత పోగొట్టుకున్నామో!"

సెనోబియా కదురు ఆపలేదు. "రాసుకో తల్లీ. రాసుకోడానికి బాగుంటుంది" అంది.

ఆ పిల్లను తప్పుపట్టి లాభం లేదు. మాటను ఎండబెట్టి పుస్తకంలో పెట్టుకునేవాళ్లకు దాని బరువు తెలియదు. సెనోబియాకు తెలుసు. ఆమె అమ్మమ్మకు ఇంకా బాగా తెలుసు. ఆ ముసలమ్మ దొర భూముల రోజుల్లో బతికిన మనిషి. దొర దగ్గర గుమస్తా జీతగాళ్ల పేర్లు రాసేటప్పుడు చాచావార్మిని ఒక్క మనిషిగా రాసేవాడట. మగవాడు పొలంలో చాకిరీ, ఆడది దొర వంటింట్లో చాకిరీ, ఇద్దరికీ కలిపి ఒకే చెక్క భూమి. "ఒక మాటలో ఇద్దరున్నారు కాబట్టి వాడికి బాగా కలిసొచ్చిందే" అనేది ముసలమ్మ, పళ్లు లేని నోటితో నవ్వుతూ. దొరలు పోయారు, భూములు ఊరివయ్యాయి. మాట మాత్రం ఉండిపోయింది.

సెనోబియా ఊరు తోతోరానిలో ప్రతి ఇంటికీ వంతు వస్తుంది. వంతు వచ్చిన ఏడాది ఆ ఇంటి మొగుడూ పెళ్లాం ఊరి పెద్దరికం మొయ్యాలి. ఆయన తల దూర్చి వేసుకునే ఎర్ర ఉన్ని దుప్పటి, పోంచో, వేసుకుని, కొరడా భుజానికి తగిలించుకుని నడుస్తాడు. ఆమె అందరూ నమిలే కోకా ఆకుల మూట పట్టుకుని పక్కన నడుస్తుంది. సరిహద్దు తగాదాలు తీర్చాలి, పండగలకు ఊరికి వండి పెట్టాలి, వడగళ్ల మబ్బు పడితే కొండెక్కి పొగ వేసి తరమాలి. ఒక్క మగవాడు చేస్తే చెల్లదు. ఒక్క ఆడది చేసినా చెల్లదు. వంతు మోసిన ఇంటికి భూమి ఉంటుంది, ఎగ్గొట్టిన ఇంటి భూమి చేతులు మారుతుంది. కాగితం లేదు, పట్టా లేదు, మోసిన వంతే పట్టా.

అక్కడ జత లేనిది ఏదీ లేదు. కొండల్లో మగ కొండ, ఆడ కొండ ఉన్నాయి. సారా పోస్తే రెండు గిన్నెల్లో పోస్తారు, కుడిచేతి గిన్నె మొగుడిది, ఎడమచేతి గిన్నె పెళ్లానిది. ఊదే వేణువులు కూడా జంటలే. సగం స్వరాలు ఒకదానిలో, మిగతా సగం రెండోదానిలో ఉంటాయి, ఇద్దరు ఊదితేనే పాట. జతతో శ్రుతి కలవని వేణువును కీవా అంటారు. పెళ్లి చేసుకోని మెతక మగవాణ్నీ అదే మాట అంటారు. మగపనికి చెయ్యి పెట్టిన ఆడదానికి వేరే మాట ఉంది, ఉర్కుచి. ఈ రెండు మాటలూ వినపడితే ఊరంతా నవ్వుతుంది, అనిపించుకున్నవాళ్లు తప్ప.

సెనోబియా పంతొమ్మిదో ఏట ఫావుస్తోను చేసుకుని మనిషి అయింది. చిన్నప్పుడు మూటలు మోసే లామా జంతువు తన్నితే అతని ఎడమ కనుబొమ్మ రెండుగా చీలింది. ఆ చీలిక వల్ల ఎప్పుడూ ఏదో అడగబోతున్నట్టు కనిపించేవాడు. మనిషి మంచివాడే. అక్టోబరులో ఇద్దరూ కలిసి బంగాళాదుంప నాటేవాళ్లు. అతను కాలి నాగలి మీద పాదం వేసి మట్టి తెరిస్తే, ఆమె వంగి విత్తనం వేసేది. తెరిచేది మగవాడి పాదం, వేసేది ఆడదాని చెయ్యి. అటుదిటు అయితే వడగళ్లు పడతాయని ఆ ఊళ్లో పాలుతాగే పిల్లకు కూడా తెలుసు.

ఎనభై మూడులో కరువు వచ్చింది. విత్తనం దుంపలు కూడా తినేశారు. ఫావుస్తో తగరం గనికి పోయాడు. కూతురు నికోలాసాకు అప్పుడు రెండేళ్లు. మొదటి ఏడు ఒక చక్కెర మూట, ఒక దుప్పటి పంపాడు. తర్వాత కబురే లేదు.

మొగుడు పోయినదానికి ఐమారాలో ఒక మాట ఉంది. మొగుడు ఉండీ లేనిదానికి మాట లేదు. మాట లేనిదాని గురించి ఊరికి ఏం చెయ్యాలో తోచదు. ఫావుస్తో తమ్ముడు హిలారియోన్ రెండేళ్లు వచ్చి దున్నిపెట్టి సగం పంట పట్టుకుపోయాడు. మూడో ఏడు రాలేదు. వెళ్లి అడిగితే, "నా పొలమే తెమలట్లేదు వదినా. అంత కష్టమైతే ఆ భూమి నాకు ఒప్పజెప్పెయ్, నీ తిండి నేను చూస్తా" అన్నాడు.

ఆమె ఇంటికొచ్చి రెండు రోజులు ఆలోచించింది. గురువారం ఊరంతా సంతకు పోయాక, గాగ్రా పైకి దోపి, ఫావుస్తో కాలి నాగలి తీసుకుని పొలానికి పోయింది. నాగలి మీద పాదం వేసింది. కళ్లు మూసుకుని తొక్కింది. ఏమీ కాలేదు. మట్టి ఎవరి పాదానికైనా తెరుచుకున్నట్టే ఆమె పాదానికీ తెరుచుకుంది. సాయంత్రానికి నడుం విరిగిపోయింది గానీ నాలుగు చాళ్లు పడ్డాయి. అలా నాలుగు గురువారాలు దున్నింది. నాలుగోసారి గొర్రెలు కాసే ముసల్ది చూసింది.

జనవరిలో దుంప పూత మీదుండగా వడగళ్లు పడ్డాయి. ఒక్క ఆమె చేలోనే కాదు, ఊరంతా పడ్డాయి. అంతకుముందు ఎన్నో ఏళ్లు పడ్డాయి, అప్పుడెవరూ కారణం వెతకలేదు. ఈసారి కారణం చేతిలోనే ఉంది. బావి దగ్గర ఆడవాళ్లు ఆమెను చూసి పక్కకు జరిగారు.

"మగమహారాజు వచ్చాడే, దారివ్వండి!"

"ఏం ఉర్కుచీ, మీసాలు ఎప్పుడొస్తాయి?"

"మీసాలొస్తే వచ్చాయిలే, మా దుంపలు పోయినందుకు ఏడుస్తున్నాం."

సెనోబియా బిందె నింపుకుని వచ్చేసింది. తిరిగి ఒక్క మాట అనలేదు. అననందుకు తర్వాత చాలా ఏళ్లు తనమీద తనకే కోపం వచ్చేది.

ఆ సెప్టెంబరులో రావలసింది రానే వచ్చింది. బడి ఆవరణలో ఊరు కూడింది. మగవాళ్లు రాతి గోడ మీద, ఆడవాళ్లు నేల మీద కూర్చున్నారు. అందరికంటే పెద్దవాడు అనాక్లెతో తాత నోట్లో కోకా ఆకులు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుని అడిగాడు.

"వచ్చే ఏడాది వంతు నీ ఇంటిదే సెనోబియా. ఫావుస్తో ఏడీ?"

"గనిలో ఉన్నాడు తాతా."

"నాలుగేళ్లుగా అదే మాట. జనవరి ఒకటికి ఇక్కడుంటాడా, ఉండడా?"

హిలారియోన్ లేచాడు. "అన్న బదులు నేను నిలబడతా తాతా. పరాయివాణ్ని కాదుగా. వదిన నా పక్కన కోకా మూట పట్టుకుంటే చాలు."

ఆ మాట వెనక ఏముందో అందరికీ తెలుసు. వంతు ఎవరి భుజం మోస్తే భూమి ఆ భుజానిది. సెనోబియా కళ్లు నికోలాసా మీదకు పోయాయి. పిల్లకు ఆరేళ్లు. భూమి లేని ఇంటి ఆడపిల్ల ఎనిమిదో ఏట నగరంలో ఇళ్లపనికి పోవలసిందే. సెనోబియా ఆ వయసులో పోయింది. మూడేళ్లు ఒకరి ఇంట్లో మెట్ల కింద, కుక్క పక్కన పడుకుంది. అక్కడ ఇంకేం జరిగిందో ఆమె ఎవరికీ చెప్పలేదు, ఫావుస్తోకు కూడా.

"మొగుడు పోయినదానికి దాని తోడబుట్టినవాడు నిలబడొచ్చు గదా తాతా? అప్పుడు భూమి దానికే ఉంటుంది గదా?" అని అడిగింది.

"పోయినదానికి! నీకు పోలేదుగా. మొగుడు బతికుంటే మొగుడి తమ్ముడే నిలబడాలి. తాతల నాటినుంచి ఇంతే."

"మా ఆయన బతికున్నాడని నీకెవరు చెప్పారు?"

ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా అది తన లోపల ఉందని ఆమెకే తెలియదు. గోడ మీద మగవాళ్లు నమలడం ఆపారు.

"చచ్చాడని ఎవరు చెప్పారు?" అన్నాడు హిలారియోన్.

"సంతలో ఉప్పు అమ్మేవాడు చెప్పాడు. గని కూలిందట. తీయడానికి కూడా ఏమీ మిగల్లేదట."

ఉప్పు అమ్మేవాడూ లేడు, కూలిన గనీ లేదు. అనాక్లెతో తాత చాలాసేపు ఆమెను చూశాడు. "అయితే నవంబరులో బల్ల పెట్టు. బల్ల పెడితే ఊరు ఒప్పుకుంటుంది" అన్నాడు.

నవంబరు ఒకటో తారీఖున చచ్చినవాళ్లు ఇంటికొస్తారు. కొత్తగా పోయినవాళ్లకు మూడేళ్లు వరసగా నల్లగుడ్డ పరిచిన బల్ల మీద రొట్టెలు పెడతారు. ఆత్మ దిగిరావడానికి రొట్టె నిచ్చెన, దాహానికి ఉల్లికాడలు, మధ్యలో పోయినవాడి రూపంలో చేసిన రొట్టె మనిషి. ఊళ్లోవాళ్లు వచ్చి అతని పేరు చెప్పి ప్రార్థన చేస్తారు. ఒక్కో ప్రార్థనకు ఒక్కో రొట్టె తీసుకుని తింటారు. తిన్నారంటే ఆ చావును ఊరు ఒప్పుకున్నట్టే. బతికున్నవాడికి బల్ల పెట్టడమన్నది ఎవరూ ఎరగరు. అలా చేస్తే ఏమవుతుందో చెప్పే కథ కూడా ఆ ఊళ్లో లేదు.

సెనోబియా పిండి కలిపింది. తల, భుజాలు, గుండె మీద ముడుచుకున్న చేతులు చేసింది. చివర్న చాకు మొనతో ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటు పెట్టింది. అది పెట్టాక రొట్టె ఆమె వంక ఏదో అడగబోతున్నట్టు చూసింది. "ఏం చెయ్యమంటావ్? నువ్వు రాలేదుగా" అని పైకే అని, తీసుకెళ్లి పొయ్యిలో పెట్టింది.

ఊరంతా వచ్చింది. ఎగతాళి చేసిన ఆడవాళ్లూ వచ్చి మోకాళ్ల మీద కూర్చుని అతని పేరు చెప్పి ప్రార్థించి రొట్టెలు తిన్నారు. హిలారియోన్ చివర వచ్చాడు. కనుబొమ్మ గాటు చూడగానే కూలబడిపోయాడు.

"చిన్నప్పుడు వాడి వీపు మీదే కొండెక్కేవాణ్ని వదినా. నేను అలిసిపోతే ఎక్కించుకునేవాడు. వాడు అలిసిపోయాడో లేదో ఎప్పుడూ అడగలేదు."

భూమి కోసం కాచుకుని ఉన్నవాడే, అయినా ఆ ఏడుపు నిజమైన ఏడుపు. సెనోబియా నిజం చెప్పేయబోయింది. పక్కన నికోలాసా రొట్టె నిచ్చెన వంక ఆశగా చూస్తోంది. సెనోబియా రొట్టె తీసి మరిది చేతిలో పెట్టింది. అతను కళ్లు తుడుచుకుని తిన్నాడు.

ఆ రోజునుంచి ఆమెకు మళ్లీ ఒక మాట దొరికింది, మొగుడు పోయినదని. ఉత్త సమాధి మీద ఫావుస్తో పేరున శిలువ పాతారు. ఆమె నల్లబట్టలు కట్టింది.

ఆమె తమ్ముడు తెయొదోసియో సరస్సు ఒడ్డు ఊరినుంచి వచ్చాడు. ముప్పై ఐదేళ్లు వచ్చినా పెళ్లి చేసుకోలేదు, ఉన్ని టోపీలు అల్లుకుంటూ, చిన్నగా మాట్లాడుతూ బతికేవాడు. అతన్ని అక్కడా కీవా అనేవాళ్లు, ఇక్కడా అన్నారు. జనవరి ఒకటిన అక్కాతమ్ముళ్లు ఎర్ర పోంచో, కోకా మూటలతో ఊరి మధ్యకు నడిచి వస్తుంటే వెనకనుంచి ఎవడో అరిచాడు.

"ఉర్కుచికి కీవా! ఎట్టకేలకు కుదిరిందిరా జత!"

ఊరంతా విరగబడి నవ్వింది. తెయొదోసియో కొరడా సర్దుకుని, "నవ్వనీ అక్కా. నవ్వేవాడు నా వంతు మొయ్యడుగా" అన్నాడు. ఆ ఏడు అతను రెండు సరిహద్దు తగాదాలు గొడవ లేకుండా తీర్చాడు. మబ్బు పట్టిన ప్రతిసారీ అందరికంటే ముందు కొండెక్కాడు. ఆ ఏడు వడగళ్లు పడలేదు. అందుకు మాత్రం ఎవరూ అతనికి ఏ పేరూ పెట్టలేదు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం నికోలాసా పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, గోడ దగ్గర ఎవరో కూర్చుని దగ్గుతున్నాడు. కుక్క అరవట్లేదు."

సెనోబియా వెళ్లి చూసింది. చిక్కి సగమైన మనిషి. పెదాలు నీలంగా ఉన్నాయి. కనుబొమ్మ రెండుగా చీలి ఉంది. కుక్క అతని కాళ్ల దగ్గర పడుకుని తోక ఊపుతోంది. ఆమె పిల్లను లోపలికి పంపి, అతనికి కొంచెం దూరంగా నేలమీద కూర్చుంది.

"ఇన్నేళ్లు ఏమయ్యావ్?"

"అక్కడ ఇంకో ఇల్లు పెట్టుకున్నా." ఊపిరి అందక ఆగాడు. "గని దుమ్ము రొమ్ములో చేరింది. పనికి పోలేకపోయేసరికి ఆవిడ పొమ్మంది."

"మంచి పని చేసింది."

"ఊఁ."

"నువ్వు చచ్చిపోయావ్" అంది సెనోబియా. "పోయినేడు నీకు బల్ల పెట్టాను. ఊరంతా తిన్నారు. వంతు నేనూ తెయొదోసియో మోస్తున్నాం."

అతను కుక్క తల నిమిరాడు. తర్వాత అడిగాడు. "రొట్టె బాగా వచ్చిందా?"

"కనుబొమ్మ బాగా వచ్చింది."

అతను నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. ఆమెకు అతన్ని కొట్టాలనిపించింది, పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. వెళ్లి బార్లీ గంజి తెచ్చింది.

మర్నాటికల్లా హిలారియోన్‌కు తెలిసిపోయింది. అన్నను చెయ్యి పట్టుకుని, దాదాపు మోసుకుంటూ బడి ఆవరణకు తెచ్చి ఊరిని పిలిచాడు. అన్న బతికొచ్చినందుకు ఏడుస్తూనే ఉన్నాడు, భూమి గురించి అరుస్తూనే ఉన్నాడు.

"చూడండి! కళ్లుంటే చూడండి! మా అన్న! బతికున్నవాడికి బల్ల పెట్టింది ఇది! ఇది ముండమోసిందీ కాదు, దీని తమ్ముడి వంతూ వంతు కాదు. ఈ ఏడాదంతా చెల్లదు!"

ఎవరూ కదల్లేదు. ఆ ఆవరణలో ఫావుస్తోతో కలిసి వేణువు ఊదినవాళ్లున్నారు, అతని పెళ్లిలో తాగి పడిపోయినవాళ్లున్నారు. అందరూ గుర్తుపట్టారు. అందరూ నేలకేసి చూస్తున్నారు. ఎందుకంటే అందరూ రొట్టె తిన్నారు. బతికున్న మనిషి ఆత్మకని పెట్టిన రొట్టె కడుపులోకి పోయిందని ఒప్పుకుంటే ఆ పాపం ఒక్క సెనోబియాది కాదు, ఊరిది. పశువులకు తగులుతుందో, పిల్లలకు తగులుతుందో. ఆ ఆలోచనే వాళ్ల నోళ్లు కట్టేసింది.

అనాక్లెతో తాత అడిగాడు, పైకి చూడకుండానే. "సెనోబియా. ఇతనెవరు?"

నికోలాసా ఆమె గాగ్రా పట్టుకుని నిలబడి ఉంది. ఆ పిల్ల ఇంకో ఏడాదికల్లా ఎనిమిదిలో పడుతుంది.

"మా ఆయన పోయాడు తాతా" అంది సెనోబియా. "బల్ల పెట్టాను, మీరంతా తిన్నారు. ఈ మనిషెవరో నాకు తెలీదు."

"వదినా!" అన్నాడు హిలారియోన్.

తాత ఈసారి ఆ జబ్బుమనిషి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. ఎవరు నువ్వు?"

ఫావుస్తో తమ్ముడి చెయ్యి మెల్లిగా విడిపించుకున్నాడు. సెనోబియా వంక చూశాడు, పిల్ల వంక చూశాడు. పిల్ల అతన్ని ఎరగదు.

"దారిన పోయేవాణ్ని తాతా. గనిలో రొమ్ము పోయింది. నాలుగు రోజులు నీడ దొరుకుతుందేమోనని ఆగాను."

"పేరు?"

"పేరుతో పనేముంది? ఎక్కువ రోజులుండను."

"విన్నారుగా" అన్నాడు తాత, ఊరితో. ఊరు విన్నది. ఒక్కొక్కరే లేచి ఇళ్లకు పోయారు. హిలారియోన్ ఆవరణ మధ్య నిలబడి, "అన్నా, అన్నా" అంటూనే ఉన్నాడు. ఆ పిలుపుకు పలికే హక్కు ఫావుస్తోకు అప్పటికే లేదు.

ఆమె అతన్ని గొర్రెల కొట్టంలో ఉంచింది. దారినపోయే మనిషిని ఇంట్లో పడుకోబెట్టుకుంటే ఊరు ఊరుకోదు. అందరి ముందూ అన్న తనను కాదన్నాక హిలారియోన్ పిలవకుండా ఆ వాకిలి తొక్కలేదు. రోజూ మూడుసార్లు గంజి, ఉడికించిన ఎండు దుంపలు పట్టుకెళ్లేది. నికోలాసా అతన్ని దగ్గు మామ అనేది. దగ్గు మామకు బొమ్మలు చెయ్యడం వచ్చు, గొర్రె ఎముకలతో లామాలు చేసిచ్చేవాడు. "నీకు పిల్లల్లేరా మామా?" అని అడిగితే, "లేరమ్మా" అనేవాడు.

ఒకరోజు తెయొదోసియో దున్నుతున్న చప్పుడు కొట్టంలోకి వినిపిస్తోంది. ఫావుస్తో అడిగాడు. "నేను లేనప్పుడు ఎవరు దున్నారు?"

"రెండేళ్లు నీ తమ్ముడు. ఒక ఏడు నేనే."

"నువ్వే? పంటేమైంది?"

"వడగళ్లు."

"నేను దున్నినప్పుడూ పడ్డాయిగా. రెండుసార్లు."

"నిన్ను ఎవరూ ఏమీ అనలేదు."

"ఏమన్నారు నిన్ను?"

ఆమె ఆ మాట చెప్పింది. ఆ మాట అతనూ కుర్రతనంలో ఎందర్నో అని నవ్వినవాడే. ఈసారి నవ్వలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అక్టోబరులో, నాట్లు ముగిసే వారంలో, అతనికి కూర్చోవడం కూడా చేతకాలేదు. "నాకో గిన్నె పోస్తావా?" అన్నాడు. సెనోబియా తలుపు చేరవేసి సారా తెచ్చి రెండు గిన్నెల్లో పోసింది. నల్లబట్టలు కట్టినదగ్గర్నుంచి ఆమె కుడి గిన్నెను నేలమీద పారబోస్తూ వచ్చింది. ఆ రోజు దాన్ని అతని చేతికిచ్చింది. సగం గడ్డం మీద ఒలికింది. మిగతా సగం తాగాడు. ఆమె తన గిన్నె తాగింది. వాళ్లిద్దరూ చాచావార్మిగా ఉన్నది మళ్లీ ఆ కాసేపే. అది చూసినవాళ్లు గొర్రెలు తప్ప ఎవరూ లేరు.

రెండో రోజు పొద్దున పోయాడు. శవాన్ని మొయ్యడానికి ఊరినుంచి ఎవరూ రాలేదు. దారిన పోయేవాడి శవానికి బంధువులుండరు గదా. శ్మశానం గోడ అవతల, పేరులేనివాళ్లను పూడ్చే చోట, తెయొదోసియో గొయ్యి తవ్వాడు. అక్కడ నేలంతా రాళ్లే. అతను అలిసిపోతే పార సెనోబియా అందుకుంది. గోడ ఇవతల ఫావుస్తో పేరున్న శిలువ కింద ఎవరూ లేరు. అక్కా తమ్ముళ్లు మట్టి కప్పి, గుర్తుకు ఒక రాయి కూడా పెట్టకుండా వచ్చేశారు.

పన్నెండు రోజులకు నవంబరు ఒకటి వచ్చింది. రెండో ఏడు బల్ల పెట్టాలి. సెనోబియా మళ్లీ పిండి కలిపింది, మళ్లీ కనుబొమ్మ మీద గాటు పెట్టింది. ఈసారి రొట్టె సన్నగా, బుగ్గలు లోపలికి పోయి వచ్చింది. చేతులు అలాగే చేశాయి, ఆమె సరిదిద్దలేదు. ఊరు వచ్చింది. ఆ రొట్టె ముఖం చూసి ఒక్కరూ నోరెత్తలేదు. ప్రార్థనలు మాత్రం పోయినేటికంటే గట్టిగా చేశారు.

హిలారియోన్ వస్తాడని ఆమె అనుకోలేదు. వచ్చాడు. టోపీ తీసి మోకాళ్ల మీద కూర్చుని అన్న పేరు చెప్పి ప్రార్థించాడు. ఆమె రొట్టె ఇచ్చింది. అతను దాన్ని పట్టుకుని లేవలేదు. గది నిండా జనం ఉన్నారు. అందరూ ఉండగానే, మెల్లిగా అడిగాడు.

"చివర్లో నా గురించి అడిగాడా వదినా?"

అనాక్లెతో తాత నల్లగుడ్డకేసి చూస్తున్నాడు. నికోలాసా మూల కూర్చుని ఎముకల లామాతో ఆడుకుంటోంది.

"ఎవరు మరిదీ?" అంది సెనోబియా. "మా ఆయన ఎక్కడో గనిలో పోయాడు గదా. ఏడాది దాటింది. పక్కన ఎవరున్నారో, ఎవర్ని అడిగాడో నాకెలా తెలుస్తుంది?"

హిలారియోన్ తలాడించాడు. రొట్టె తినలేదు. దాన్ని టోపీలో పెట్టుకుని బయటికి పోయాడు. శ్మశానం గోడ అవతలికి నడవడం వాకిట్లోంచి కనిపించింది. గుర్తు లేని మట్టి దగ్గర ఎక్కడ ఆగాలో తెలియక అటూ ఇటూ తిరుగుతున్నాడు.

భూమి నిలిచింది. ఇవాళ ఆ చేలో నికోలాసా పిల్లలు దుంపలు తవ్వుతున్నారు. నికోలాసా ఒక్కరోజు కూడా ఎవరింట్లోనూ మెట్ల కింద పడుకోలేదు. అందుకు సెనోబియా ఎప్పుడూ పశ్చాత్తాపపడలేదు. నోటు పుస్తకం అమ్మాయికి ఆమె చెప్పనిది, హిలారియోన్ చచ్చేదాకా అతనికీ చెప్పనిది ఒక్కటుంది. చివరి వారమంతా ఫావుస్తో తమ్ముణ్ని ఒక్కసారి పిలవమని రోజూ అడిగాడు. పిలిస్తే వాడు అన్నా అని ఏడుస్తాడు, ఊరు వింటుంది. ఆమె పిలవలేదు.